కాతేరు రాయి, కోరుమిల్లి రేకులు

తెలుగులో ‘యుగం’ అనే ఒక్క మాట మీద మనం మోయలేనంత బరువు వేశాం. కలియుగం సరే. రాతియుగం కూడా యుగమే, నన్నయ యుగమూ యుగమే, డైనోసార్ల యుగమూ యుగమే. ‘ఇది కంప్యూటర్ యుగం’ అని ఫ్రెషర్స్ డే స్పీచ్‌లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. వీటిలో ఒకటి 4 లక్షల 32 వేల ఏళ్లు, ఒకటి ఒక కవి కలం పట్టినంత కాలం, ఒకటి 16 కోట్ల ఏళ్ల పైమాట. భూగర్భశాస్త్రం వాళ్లు ఇయాన్, ఇరా, పీరియడ్, ఎపాక్, ఏజ్ అని ఐదు మెట్లు పెట్టుకున్నారు. ఫోల్డర్లో ఫోల్డర్ లాగా ఒకదాంట్లో ఒకటి ఉంటాయి. మన దగ్గర అన్ని ఫోల్డర్లకీ ఒకటే పేరు.

పేరు సంగతి పక్కన పెడితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక యుగం ఇక్కడితో అయిపోయింది, ఇంకోటి మొదలైంది అని ఎవరు చెప్తారు? దేన్ని చూసి చెప్తారు? దీని కోసం గ్రీన్‌లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. రాజమండ్రి చుట్టుపక్కల రెండు రకాల సాక్ష్యాలున్నాయి. ఒకటి రాయి, ఇంకోటి రాగి.

ముందు రాయి. రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరు, గోదావరికి అవతలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. అవతలి ఒడ్డు అంటే పశ్చిమ గోదావరి అనుకునేవాళ్లం, 2022లో జిల్లాలు విడగొట్టాక కొవ్వూరు, దేవరపల్లి వైపు కూడా తూర్పు గోదావరిలోకి వచ్చేసింది. సరిహద్దుల గురించి వ్యాసం రాస్తూ ఉండగా ఇది చెప్పకపోతే బాగుండదు! ఈ ఊళ్ల క్వారీల్లో నల్లరాయి కొడతారు. రోడ్ల మీద వేసే మెటల్, కాంక్రీట్‌లో కలిపే చిప్స్ అన్నీ ఈ రాయే. ఆ నల్లరాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. మన దగ్గర అగ్నిపర్వతం ఎక్కడుంది అని అడగొచ్చు. లేదు. ఆ లావా పశ్చిమ కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ వచ్చింది. రాజమండ్రి బసాల్ట్ రసాయన లక్షణాలు మహాబలేశ్వర్ దగ్గరి డెక్కన్ లావా పొరలతో సరిపోతున్నాయి. అందుకే 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం, భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనా అనే ప్రశ్నతో ఒక పేపరు రాసింది. గోదావరి కంటే ముందు గోదావరి దారిలో లావా వచ్చిందని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, అప్పటి లోయలు ఇప్పటి నది దారి ఒకటే అని నేను అనడం లేదు.

ఈ లావా ఒకే దెబ్బకి రాలేదు. కింద ఒక దొంతర, పైన ఒక దొంతర. మధ్యలో లావా ఆగిన కాలంలో పేరుకున్న మట్టి, సున్నపురాయి ఉన్నాయి, అందులో గుల్లలు ఉన్నాయి. దీన్ని ఇంటర్‌ట్రాపియన్ పొర అంటారు. శాండ్‌విచ్‌లో మధ్య ముక్క అనమాట. స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ ఇక్కడి గుల్లల గురించి 1860లోనే రాశాడు. ఇలాంటి మధ్య పొరలు నాగపూర్ దగ్గరా, ఇంకా చాలా చోట్లా ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా మంచినీటి చెరువుల్లో పేరుకున్నవి. ఒక చెరువులోని నత్తను పట్టుకుని ప్రపంచం మొత్తానికి సరిపోయే తేదీ చెప్పడం కష్టం. రాజమండ్రి దగ్గర మాత్రం అప్పట్లో సముద్రం ఒడ్డు. కాబట్టి ఈ పొరలోకి సముద్రంలో తేలే ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు కూడా చేరాయి. మైక్రోస్కోప్ లేకపోతే కనబడవు. కానీ ఇవి ప్రపంచంలోని అన్ని సముద్రాల్లోనూ దొరుకుతాయి, ఏ జాతి ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయిందో వరస తెలుసు. అంటే ఇవి ప్రకృతి రాసిన వెర్షన్ నంబర్లు.

2008లో గెర్టా కెల్లర్ అనే ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు (అందులో సునీల్ బాజ్‌పాయ్ మన దేశం వారే) ఈ క్వారీల మధ్య పొరను పరీక్షించి, ఇందులో ఉన్నవి డైనోసార్ల వినాశనం జరిగిన వెంటనే పుట్టిన కొత్త జాతులు అని తేల్చారు. అంటే మధ్య పొర డేనియన్ అనే ఏజ్‌కి మొదటి భాగం. అప్పుడు కింది లావా దొంతర పైభాగం క్రెటేషియస్ చివరికి, అంటే పాత యుగం ఆఖరి గడియలకి, దగ్గరగా వచ్చి ఆగిందన్నమాట. అయస్కాంతం కూడా ఇదే మాట చెప్పింది. లావా గడ్డకట్టేటప్పుడు అప్పటి భూ అయస్కాంత దిశను తనలో దాచుకుంటుంది. కింది దొంతరలో దిశ తిరగబడి ఉంది, పై దొంతరలో ఇప్పటిలాగే ఉంది. వినాశనం జరిగిన సరిహద్దు కూడా తిరగబడిన కాలంలోనే పడుతుంది, ఆ తర్వాత దిశ మామూలుగా మారింది. రెండు వేర్వేరు లాగ్ ఫైళ్లు ఒకే కథ చెప్తున్నాయి.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, డైనోసార్లను చంపింది ఎవరు అనే కేసు ఇంకా నడుస్తోంది. ఒక వైపు 1980లో ఆల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం చెప్పిన గ్రహశకలం. దాని గొయ్యి మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర ఉంది. ఇంకో వైపు మన డెక్కన్ లావా. కెల్లర్ లావా పక్షం. లావాలో ప్రధాన భాగం సరిగ్గా వినాశనం ముందు వచ్చి ఆగిందంటే అనుమానం దాని మీదకే పోతుంది కదా. కానీ 2019 ఫిబ్రవరిలో సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాల లెక్కలు అచ్చయ్యాయి, అవి ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. బెర్క్‌లీ బృందం లెక్కలో లావాలో ముప్పావు వంతు సరిహద్దు దాటాకే వచ్చింది. ప్రిన్స్‌టన్ బృందం లెక్కలో ఒక పెద్ద విడత సరిహద్దుకి ముందు పడింది. మెజారిటీ ఇప్పటికీ గ్రహశకలం వైపే ఉంది. నాకు ఎవరు గెలుస్తారన్నదాని కంటే, ఈ కేసులో కాతేరు, గౌరీపట్నం పేర్లు సాక్షుల జాబితాలో ఉండటం ఎక్కువ ఇష్టం.

ఇక్కడ ఒక చిన్న క్లాస్. క్రెటేషియస్ ఎప్పుడు ముగిసింది అంటే పాత పుస్తకాలు 6 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం అంటాయి, ఇప్పటివి 6 కోట్ల 60 లక్షలు అంటాయి. మరి యుగం సరిహద్దు పది లక్షల ఏళ్లు జరిగిందా? లేదు. సరిహద్దు అంగుళం కూడా కదల్లేదు. ఎందుకంటే సరిహద్దును సంఖ్యతో నిర్వచించలేదు, ఒక రాయితో నిర్వచించారు. ట్యునీషియాలో ఎల్ కెఫ్ అనే ఊరి దగ్గర ఒక సన్నని బంకమట్టి పొర ఉంది. ఇరీడియం ఎక్కువగా ఉన్నది అందులోనే. ఆ పొర అడుగు ఎక్కడ మొదలవుతుందో అక్కడ డేనియన్ మొదలు అని 1991లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. ఇలాంటి చోట్లను గోల్డెన్ స్పైక్ అంటారు, బంగారు మేకు. కొన్ని చోట్ల నిజంగానే లోహపు మేకు కొట్టి ఉంచుతారు. మన భాషలో చెప్పాలంటే సరిహద్దు అనేది పాయింటర్. అది ఆ పొరను చూపిస్తుంది. 6 కోట్ల 60 లక్షలు అనేది ఆ అడ్రస్‌లో ఇప్పటికి చదివిన వాల్యూ. కొత్త పరికరం వస్తే వాల్యూ మారుతుంది, పాయింటర్ మారదు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. ప్రతి ఏజ్‌కీ కింది గీత మాత్రమే నిర్వచిస్తారు. పై గీత ఉండదు. తర్వాతి ఏజ్ ఎక్కడ మొదలైతే అక్కడే ఇది అయిపోయినట్టు. ఖాళీలూ రావు, ఓవర్‌ల్యాపూ రాదు. అర్రే ఇండెక్స్‌లతో కుస్తీ పట్టినవాళ్లకి ఈ సుఖం తెలుస్తుంది.

అయితే మరీ పాత కాలానికి ఇలా కుదరదు, గుల్లలున్న జీవులే లేవు. అందుకని అక్కడ చాలా చోట్ల సంఖ్యనే హార్డ్‌కోడ్ చేశారు. ఆర్కియన్ అయిపోయి ప్రొటెరోజోయిక్ మొదలయ్యేది సరిగ్గా 250 కోట్ల ఏళ్ల దగ్గర. రాయి ఏమన్నా సరే.

ఇప్పుడు రాగి దగ్గరకి వద్దాం. రాజరాజ నరేంద్రుడు కోరుమిల్లి గ్రామాన్ని దానం చేస్తూ ఇచ్చిన రాగిరేకులున్నాయి. రాజుగారు దానం ఇచ్చేముందు తన వంశ చరిత్ర చెప్పుకుంటాడు. తూర్పు చాళుక్యుల రేకుల్లో ఆ చరిత్ర ఎలా ఉంటుందంటే, కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, అతని కొడుకు జయసింహుడు 33 ఏళ్లు, అతని తమ్ముడు ఇంద్ర భట్టారకుడు 7 రోజులు, అతని కొడుకు విష్ణువర్ధనుడు 9 ఏళ్లు... ఇలా సాగుతుంది. కొక్కిలి అనే రాజుకి 6 నెలలు. చూడగానే తెలిసిపోతుంది, ఇది లింక్డ్ లిస్ట్. ప్రతి నోడ్‌లో ఒక పేరు, ఒక వ్యవధి, తర్వాతివాడికి లింకు. తేదీ మాత్రం ఎక్కడా లేదు. లావా మీద మట్టి, మట్టి మీద లావా ఉన్నట్టే రాజు మీద రాజు. వరస తెలుసు, మొత్తం ఎప్పటిదో తెలియదు.

దీనికి ఒక్క చోటైనా గట్టి మేకు కావాలి. కోరుమిల్లి రేకుల్లో అది దొరికింది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం ఏ శక సంవత్సరంలో జరిగిందో పద్యంలో చెప్పారు, అంకెలు కాకుండా మాటల్లో. వేదాలు అంటే 4, సముద్రాలు అంటే 4, నిధులు అంటే 9. వీటిని భూతసంఖ్యలు అంటారు, వెనక నుంచి చదవాలి. 944. లిటిల్ ఎండియన్ అని ఇంటెల్ వాళ్లు ఇప్పుడు చేస్తున్నది మన వాళ్లు వెయ్యేళ్ల కిందటే రాగి మీద చేశారు! శక సంవత్సరానికి 78 కలిపితే 1022. అక్కడితో ఆగలేదు. సూర్యుడు సింహరాశిలో, బహుళ ద్వితీయ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం అని కూడా ఇచ్చారు. ఇదంతా చెక్‌సమ్. తిథి, నక్షత్రం, వారం మూడూ కలిసే రోజు ఒకటే పడుతుంది, అది 1022 ఆగస్టు 16. మీలో ఎవరైనా పైథాన్‌లో చూస్తే ఆ రోజు శుక్రవారం అని వస్తుంది. కంగారు పడకండి, పైథాన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌ని అది పుట్టకముందు కాలానికి కూడా సాగదీస్తుంది. చరిత్రకారులు వాడేది జూలియన్. అందులో లెక్క కడితే గురువారమే. కొందరు ఆగస్టు 22 అని రాస్తారు, అది అదే రోజుకి గ్రెగోరియన్ పేరు.

రెండో అమ్మరాజు పట్టాభిషేకానికి కూడా ఇలాగే శక 867 అని తేదీ ఉంది, అంటే 945. ఇలాంటి మేకులు పట్టుకుని 19వ శతాబ్దం చివర్లో జె.ఎఫ్. ఫ్లీట్ వెనక్కి కూడుకుంటూ వెళ్లి మొత్తం వంశానికి కాలక్రమం కట్టాడు. తేడాలు రాకపోలేదు. జయసింహుడికి కొన్ని రేకులు 33 అంటే కొన్ని 30 అంటాయి. నరేంద్ర మృగరాజు అనే రెండో విజయాదిత్యుడికి ఒక చోట 44, ఇంకో చోట 48. మేకుకి దూరం వెళ్లేకొద్దీ ఎర్రర్ పేరుకుంటుంది. రాళ్లలోనూ అంతే.

ఈ లిస్ట్‌లో నన్ను ఆపేసిన నోడ్ ఒకటుంది. దానార్ణవుడి తర్వాత, శక్తివర్మకు ముందు, 27 ఏళ్లు. ఆ 27 ఏళ్లూ వేంగి దేశానికి నాయకుడే లేడు, విధి వక్రించింది అని తర్వాతి రేకులు చెప్తాయి. అంటే నల్ పాయింటర్. కానీ ఆ 27 ఏళ్లు (సుమారు 973 నుంచి 1000 వరకు) వేంగిని ఏలినవాడు ఉన్నాడు. జటాచోడ భీముడు, తెలుగు చోడుడు. దానార్ణవుణ్ణి చంపి రాజ్యం తీసుకున్నాడు. కాంచీపురం కైలాసనాథ ఆలయంలో అతన్ని పొగుడుతూ శాసనం కూడా ఉంది. దానార్ణవుడి కొడుకులు చోళుల దగ్గర తలదాచుకుని, రాజరాజ చోళుడి సాయంతో తిరిగొచ్చి, రేకుల్లో అతని పేరు తీసేశారు. కాలం మాత్రం తీసేయలేకపోయారు, ఎందుకంటే కూడిక తప్పిపోతుంది. అందుకే 27 అనే అంకె మిగిలింది, మనిషి పోయాడు. యుగ విభజనలో గీత ఎక్కడ గీశారన్నదే కాదు, గీతల మధ్య ఖాళీకి ఏం పేరు పెట్టారన్నది కూడా చూడాలని నాకు ఇక్కడే అనిపించింది.

తెలుగు సాహిత్య చరిత్రలో ఇలాంటి ఖాళీలు రెండున్నాయి. మొదటిది ప్రాఙ్నన్నయ యుగం. నన్నయ మన రాజమండ్రిలో, పైన చెప్పిన రాజరాజ నరేంద్రుడి కొలువులో మహాభారతం మొదలుపెట్టాడు కాబట్టి అక్కడ గీత గీశారు. కానీ కడప జిల్లా కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది, అద్దంకి పండరంగని శాసనంలో 9వ శతాబ్దంలోనే తరువోజ పద్యం ఉంది. నాలుగైదు వందల ఏళ్ల భాషకి సొంత పేరు లేదు, ‘నన్నయకు ముందు’ అంతే. భూమి చరిత్రలో దీనికి కవల ఒకటుంది. ప్రీకేంబ్రియన్. కేంబ్రియన్‌కు ముందు అని అర్థం. భూమి వయసులో నూటికి 88 పాళ్లు అదే! పాపికొండల ఖొండలైట్ రాళ్లు ఆ కాలానివే. గుల్లలు కనబడని కాలాన్ని ‘ముందు’ అన్నారు, గ్రంథాలు కనబడని కాలాన్ని ‘ముందు’ అన్నాం.

రెండో ఖాళీ క్షీణయుగం. 1775 నుంచి 1875 అని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది. ఏం క్షీణించింది? ప్రబంధాల జిగి తగ్గింది, నిజమే. కానీ అదే నూరేళ్లలో రాజమండ్రిలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తాళపత్రాలు పోగేసి నిఘంటువు తయారుచేశాడు. కందుకూరి వీరేశలింగం 1848లో రాజమండ్రిలో పుట్టాడు. తర్వాత ఆయనే ‘ఆంధ్ర కవుల చరిత్రము’ రాసి కవుల్ని పూర్వ, మధ్య, ఆధునిక అని మూడు భాగాలు చేశాడు. ఆరుద్ర తన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో రాజవంశాల పేర్లు తీసుకున్నాడు. చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, అలా కంపెనీ యుగం, జమీందారీ యుగం వరకు. నాకు ఆరుద్ర పద్ధతే నచ్చుతుంది. అన్నం ఎవరు పెట్టారో చెప్తుంది, బాగుందా బాగాలేదా అనే మార్కులు ముందే వేయదు. భూగర్భశాస్త్రంలో ‘చెత్త ఎపాక్’ అని ఒకటి ఉంటే ఎంత వింతగా ఉంటుందో క్షీణయుగం అన్నప్పుడు నాకు అంత వింతగా ఉంటుంది.

రాజులూ కవులూ కాకుండా మామూలు మనుషులు వేరే మేకులు వాడతారు. కోనసీమలో పెద్దవాళ్ల మాటల్లో ‘తుఫానుకి ముందు’ అంటే ఏ తుఫాను అని అడగక్కర్లేదు, 1996 నవంబరు 6 అనే అర్థం. లంకల్లో అయితే ఎనభై ఆరు వరద. ఇవి మంచి గోల్డెన్ స్పైక్‌లు, ఆ ఊళ్లో అందరికీ ఒకేసారి తెలిసినవి. కాకపోతే పాత పద్ధతిలో సంవత్సరం పేరు ఒక్కటే వాడితే చిక్కొస్తుంది. 1832–33లో వచ్చిన ఘోరమైన కరువుని నందన కరువు అంటారు, ఆ ఏడు నందన నామ సంవత్సరం కాబట్టి. కానీ నందన 1892లోనూ వచ్చింది, 1952లోనూ, 2012లోనూ వచ్చింది. మాడ్యులో 60. వేరే మేకు లేకుండా ‘నందనలో’ అంటే ఏ నందనో తెలీదు. శాసనాల్లో శక సంవత్సరం, సంవత్సరం పేరు రెండూ రాసేది అందుకే ఉపయోగపడుతుంది. ఆ కరువుల తర్వాతే కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. డెల్టాలో వరి సాగుకి అంతకంటే పెద్ద గీత ఇంకోటి లేదు.

ఆ డెల్టా మట్టి వయసు చూస్తే తమాషాగా ఉంటుంది. సముద్రమట్టం పెరగడం సుమారు 6–7 వేల ఏళ్ల క్రితం నెమ్మదించాక నది తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వెళ్లింది. కాబట్టి మనం నిలబడే పొలాలు హోలోసీన్ అనే చివరి ఎపాక్‌వి. దాని చివరి ఏజ్ పేరు మేఘాలయన్, 4,200 ఏళ్ల క్రితం మొదలు. దాని మేకు మేఘాలయలో మామ్లూ గుహలోని ఒక స్టాలగ్మైట్‌లో ఉంది, 2018లో ఆమోదించారు. మన దేశం పేరు అలా కాలపట్టికలోకి ఎక్కింది. మనిషి చేసిన మార్పులకి ఆంత్రోపోసీన్ అని కొత్త ఎపాక్ పెట్టాలని, కెనడాలో క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిని మేకుగా తీసుకోవాలని ప్రతిపాదించారు. 2024 మార్చిలో ఓటింగ్‌లో అది ఓడిపోయింది. మార్పు లేదని కాదు, ఒక్క గీతలో ఇరికించడం ఎలా అని అభ్యంతరం. ధవళేశ్వరం పైన ఆనకట్టలు కట్టాక డెల్టాకి వచ్చే ఒండ్రు తగ్గింది, ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోస్తోంది. ఇందులో గీత 1852లోనా, 1950లోనా?

మేకు కొట్టాలంటే ఒక షరతు ఉంటుంది. ఆ చోటు అందరూ వెళ్లి చూడగలిగేలా, చెదరకుండా ఉండాలి. జీఎస్ఐ గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలాల్లో మన రాష్ట్రం నుంచి తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాట్‌లోని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, మంగంపేట ముగ్గురాయి, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. కాతేరు, దుద్దుకూరు, గౌరీపట్నం ఇంటర్‌ట్రాపియన్ ఆ జాబితాలో లేదు. ఆ పొరను మనకు చూపించింది క్వారీయే, రాయి తవ్వకపోతే అది భూమిలోనే ఉండేది. తవ్వుతూ పోతే ఏమవుతుందో కూడా క్వారీ దగ్గరకి వెళ్తే తెలుస్తుంది. సివిల్ బ్రాంచ్ వాళ్లు ఎలాగూ మెటల్ టెస్టింగ్‌కి అటు వెళ్తుంటారు. ఈసారి వెళ్లినప్పుడు నల్లరాయి మధ్యలో లేత రంగు పట్టీ, అందులో గుల్లలు కనబడితే పక్కన స్కేల్ పెట్టి ఫోటో తీసి, ఊరి పేరు, తేదీ రాసి క్లబ్‌కి పంపండి. తేదీ గ్రెగోరియన్‌లోనే రాయండి.